మనవాడనుకొనుటకు ముందు

2023వ సంవత్సరము సెప్టెంబరు నెలలో, కాలిఫోర్నియా రాష్ట్రమందలి నాపా పట్టణము చెంత సిల్వరాడో మైదానమున జరిగిన ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ పోటీలో తీగల సాహిత్ రెడ్డి యను 25 ఏండ్ల యువకుడు విజేత యైనాడు. పీజీఏ టూర్ అను పేరుగల అమెరికా వృత్తి గోల్ఫ్ పోటీలలో అతనికది మొదటి గెలుపు. వార్త తెలిసినంతనే తెలుగువారి నోట ‘మనవాడు’ అను మాట వచ్చినది. తల్లిదండ్రులు హైదరాబాదు నుండి వెళ్లినవారు; ఇంటిపేరు తీగల; పేరు చివర రెడ్డి. ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

సంతోషింపదగిన విషయమే. కాని బంధుత్వము చెప్పుకొనుటకు ముందు మనిషి వచ్చిన త్రోవ యెట్టిదో తెలిసికొనుట మర్యాద. పెండ్లిపందిటిలో సైతము ‘ఏ ఊరివారు, ఎవరి తాలూకు’ అని విచారించిన పిమ్మటనే గదా వరుస కలుపుదురు! ఆ విచారణ లేకుండ వచ్చిన గర్వము పుట్టినరోజు దీపము వంటిది. ఊది ఆర్పుటకే వెలిగింపబడును.

సిద్దిపేట నుండి చూచినచో ఈ ఆట చాల దూరమున నున్నది. కోమటిచెరువు కట్టమీద సాయంకాలము నడచువారిలో పదిమందిని నిలిపి గోల్ఫ్ ఎట్లాడుదురని యడిగినచో, తొమ్మండుగురు టెలివిజన్‌లో చూచిన పచ్చికబయళ్లను తలచుకొని నవ్వి యూరకుందురు. పట్టణములో గోల్ఫ్ మైదానము లేదు. సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, హైదరాబాదులో గోలకొండ నయాఖిల్లా గోడల నడుమ ఒకటి కలదు. అచటనే హాథియాన్ ఝాడ్ అని పేరుపడిన ఏనుగుమొదలు చెట్టును చూడబోయినవారికి, శతాబ్దముల నాటి కోటగోడల క్రింద తెల్లని చిన్న బంతి దొర్లిపోవు దృశ్యము కంటబడుటయు కద్దు. గోలకొండ యనగా గొల్లకొండ. స్కాట్లండు దేశమున గొఱ్ఱెల కాపరులు చేతికఱ్ఱలతో గులకరాళ్లను కుందేటిబొరియలలోనికి కొట్టుటయే ఈ ఆటకు మొదలని యొక కథ కలదు. కథయే గాని చరిత్ర కాదు. అయినను గొల్లల కొండ క్రింద గొల్లల ఆట వచ్చి చేరినదన్న మాట గొల్లభామ చీరలు నేయు సిద్దిపేటవారికి వినసొంపుగానే యుండును.

చరిత్ర చెప్పునది వేఱొకటి. 1457లో స్కాట్లండు రాజు రెండవ జేమ్స్, జనులు విలువిద్య మాని ఈ ఆటలో మునిగిపోవుచున్నారని దీనిని నిషేధించెను. ఆటవలన చదువు చెడునని యెంచు తండ్రులకు ఆ రాజు పూర్వికుడనవచ్చును. మన పల్లెలలో చిర్రగోనె యాడి వీపుమీద దెబ్బలు తిన్న తరములకు ఈ శాసనములోని ధోరణి క్రొత్తది కాదు.

ఆటకును చదువునకును, ఆటకును అన్నమునకును గల ఈ తగవే యిచట విచారింపవలసిన విషయము. సాహిత్ తీగల గెలిచిన బహుమానముల పట్టిక దానికి సాక్ష్యము మాత్రమే.

తెలుగులో రెండు మాటలున్నవి: ఔత్సాహికుడు, వృత్తి కళాకారుడు. నాటకరంగము వీనిని మనకు బాగుగ అలవాటు చేసినది. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో ఆరంభమైన సురభి సమాజము వృత్తి నాటకమునకు పేరు; ఇల్లు, పిల్లలు, తెరలు, దీపములు సర్వమును బండ్లమీద వేసికొని ఊరూర తిరిగిన కుటుంబములవి. బళ్లారిలోని సరసవినోదినీ సభ ఔత్సాహికుల సమాజము. దానికి మూలపురుషుడైన ధర్మవరము రామకృష్ణమాచార్యులు న్యాయవాది. బళ్లారి రాఘవయు న్యాయవాదియే. పగలు కోర్టు, రాత్రి రంగస్థలము. రాఘవను పొగడు వారందఱును ‘ఆయన డబ్బుకొరకు ఆడలేదు’ అన్న మాటను ప్రత్యేకముగ చెప్పుదురు. ఆ పొగడ్తలో దాగియున్న కుట్టు సురభివారికి తగులునని చాలమంది గమనింపరు. ఆకలికొరకు ఆడినవాని ఆట తక్కువదా?

గోల్ఫ్ చరిత్రలోను ఇదే కుట్టు కలదు. ఇంగ్లండులో జీతమునకు ఆట నేర్పువారిని, బహుమాన ధనమునకు ఆడువారిని క్లబ్బు భవనములోనికి రానీయని దినములుండెను. 1920లో డీల్ అను చోట జరిగిన బ్రిటిష్ ఓపెన్ పోటీకి వచ్చిన అమెరికా వృత్తి క్రీడాకారుడు వాల్టర్ హేగెన్, దుస్తులు మార్చుకొనుటకు సైతము లోనికి పోరాదని తెలిసి, ఒక మోటారుకారును అద్దెకు తెచ్చి క్లబ్బు వాకిటనే నిలిపి దానిని తన గదిగా చేసికొనెను. మఱొకవైపు 1930లో బాబీ జోన్స్ ఆనాటి నాలుగు పెద్ద పోటీలను ఒకే సంవత్సరమున గెలిచి, 28 ఏండ్లకే పోటీలు విరమించెను. తుదివరకును ఔత్సాహికుడే, పొట్టకూటికి వకీలు. బళ్లారి రాఘవకును బాబీ జోన్స్‌కును ముఖపరిచయము లేకపోయినను, వారి వారి దేశములు వారిని మెచ్చుకొన్న పద్ధతి యొక్కటే.

మన దేశములో ఈ ఆట చాల పాతది. కలకత్తాలోని రాయల్ గోల్ఫ్ క్లబ్బు 1829 నాటిది. బ్రిటిష్ దీవులకు వెలుపల అంత పాత క్లబ్బు వేఱొకటి లేదు. ఇండియన్ ఓపెన్ పోటీని మొదట గెలిచిన భారతీయుడు పి.జి. సేఠీ, 1965లో గెలిచినప్పుడు ఆయన ఔత్సాహికుడు. భారతీయులలో వృత్తి క్రీడాకారుడొకడు ఆ పోటీని గెలుచుటకు మఱి 26 సంవత్సరములు పట్టినది. 1991లో గెలిచిన ఆ అలీ షేర్, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో ఇతరుల సంచులు మోసిన కేడీ. ఆడుటకు తీరిక గలవాడు మొదట గెలిచెను. సంచి మోసినవాడు తరువాత గెలిచెను. ఈ రెండు త్రోవలును కళాశాల గుండా పోలేదన్నది గుర్తుంచుకొనదగినది.

సాహిత్ తీగల త్రోవ కళాశాల గుండా పోయినది. అతని తండ్రి 1980ల చివర పైచదువుకొరకు అమెరికా వెళ్లిన తరమువాడు. ఆ తరమువారి యిండ్లలో పిల్లల భవిష్యత్తు ఎట్లు నిర్ణయింపబడునో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కరలేదు. సాహిత్ 1997లో కాలిఫోర్నియాలో జన్మించి, లాస్ ఏంజెలెస్‌కు తూర్పుననున్న చినో హిల్స్ ప్రాంతమున పెరిగినాడు. బాల్యమున వెన్నెముక వంకర యుండెను. అతడు కఱ్ఱ త్రిప్పు తీరు పాఠ్యపుస్తకములోని తీరు కాకపోవుటకు అదియొక కారణమందురు. ఆ వంకరను సరిదిద్ది అందఱివలె ఆడింపవలెనని గాక, ఆ దేహమునకు అమరిన ఆటను అట్లే పెరుగనిచ్చిరి. ఇది చిన్న విషయము కాదు. చేతివ్రాత బాగులేదని పిల్లవాని చేతిలోని కలమును లాగుకొను ఉపాధ్యాయులు మనలో తక్కువగా లేరు.

ఆ ప్రాంతపు మైదానములలో అనేకము ప్రజలందఱికి తెరచియుండునవి. సభ్యత్వము లేదు, సిఫారసు లేదు, ఆనాటి రుసుము చెల్లించినవాడు ఆడుకొనవచ్చును. ఈ విషయమును తెలుగు పత్రికలు దాదాపుగ విడిచిపెట్టినవి. ప్రతిభ యెచటనైన పుట్టును. కాని ఏడేండ్ల పిల్లవాడు ప్రతిదినము బంతి కొట్టుటకు స్థలము కావలెను గదా! మన నగరములలోని గోల్ఫ్ మైదానములు ఎక్కువగ క్లబ్బులవి, సైన్యమువి, పెద్ద గృహసముదాయములవి. సిద్దిపేట పిల్లవాడు వానిలో అడుగిడుటకు సులభమైన త్రోవ నేటికిని అలీ షేర్ నడచిన త్రోవయే.

పిదప పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయము. మాలిబూలో పసిఫిక్ సముద్రమునకు ఎదురుగ కొండవాలున నున్న విద్యాలయమది. అతడు అచట చదువుచు ఆడినాడు. 2018–19 సంవత్సరమున మణికట్టు దెబ్బతిని, ఆ యేడు పోటీలకు దూరముగ నుండవలసి వచ్చినది. అమెరికా కళాశాలల క్రీడానియమములలో ఒక వెసులుబాటు కలదు. దెబ్బతగిలి ఆడలేకపోయిన సంవత్సరమును ఆటగాని లెక్కలో చేర్పరు. చదువు సాగును, ఆడుటకుగల నాలుగేండ్ల హక్కు చెక్కుచెదరక నిలిచియుండును. ఆ పిల్లవాడు తరగతికి పోవుచు, చేయి నయము చేసికొనుచు, మరుసటి యేటికి ఎదురు చూడవచ్చును. అతనిని ఎవరును ‘పని అయిపోయినది’ అని పంపివేయరు.

ఎదురు చూచినవాడు 2019–20లో తిరిగి వచ్చి అద్భుతముగ ఆడినాడు. 2020 మార్చిలో మహమ్మారి కారణమున కళాశాల పోటీలన్నియు నిలిచిపోయినవి. నిలిచిపోవునాటికి పెప్పర్‌డైన్ జట్టు దేశములో మొదటి స్థానమున నుండెను. ఆ యేడు కళాశాల గోల్ఫ్‌లోని హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ బహుమానములు మూడును అతనికే లభించినవి. ఒకే యేట ఈ మూడింటిని పొందినవారిలో అతడు అయిదవవాడు.

ఇచట ఒక కూడలి వచ్చినది. ఆగిపోయిన సంవత్సరమునకు బదులుగ చివరి సంవత్సరపు విద్యార్థులకు మఱొక యేడు ఆడుకొను అవకాశమును కళాశాలల క్రీడాసంఘము ఇచ్చినది. సాహిత్ ఆ అవకాశమును విడిచి, 2020 జూన్‌లో వృత్తి క్రీడాకారుడైనాడు. మరుసటి యేడు, 2021లో, పెప్పర్‌డైన్ జట్టు జాతీయ విజేత యైనది. అతడు ఇంకొక యేడుండినచో ఆ కప్పును తానును పట్టుకొనియుండెడివాడేమో! ఉండనందులకు చింతించెనో లేదో ఇతరులు చెప్పజాలరు. కాని కళాశాల కీర్తిని దాటి బయటికి అడుగువేయువానికి వెనుక తలుపు మూసికొనుట స్పష్టముగ వినబడునట్టి ఘట్టమది.

ముందు తలుపు తెరచియున్నదా? లేదు. ఉత్తమ కళాశాల క్రీడాకారులను నేరుగ వృత్తిలోనికి తీసికొను పీజీఏ టూర్ యూనివర్సిటీ అను ఏర్పాటు 2021లో చదువు ముగించువారితో మొదలైనది. అతడు ఒక యేడు ముందు వచ్చెను. వృత్తి పోటీలలో ప్రవేశమునకు ఏటేట జరుగు అర్హత పరీక్షలు ఆ సంవత్సరము మహమ్మారివలన రద్దైనవి. దేశములోని కళాశాల క్రీడాకారులలో అందఱికంటె మిన్న యని మూడు బహుమానములు చాటిన యువకునకు రేపు ఎచట ఆడవలెనో తెలియని స్థితి! నిర్వాహకులు దయతలచి పంపు ఆహ్వానములతోను, చిన్న పోటీలతోను అతడు ఏడాదికి పైగ గడిపెను. 2021లో కార్న్ ఫెర్రీ ఫైనల్స్ అను పోటీల ద్వారా పీజీఏ టూర్‌లో స్థానము సంపాదించెను. రెండేండ్ల తరువాతనైనచో ఇంత తిప్పట లేకపోయెడిది. 2023 నుండి ఆ ఏర్పాటులో మొదటి స్థానమున నిలిచిన విద్యార్థికి నేరుగ టూర్ ప్రవేశము లభించుచున్నది; దానిని మొదట పొందిన స్వీడన్ యువకుడు లుడ్విగ్ ఓబెర్గ్, కళాశాల విడిచిన కొలది నెలలకే ఐరోపా జట్టులో రైడర్ కప్ ఆడినాడు. పుట్టిన సంవత్సరము సైతము ఆటలో ఒక భాగమన్నమాట.

వృత్తిలో మొదటి పాఠములు చేదైనవే. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్‌లో మూడు దినముల ఆట ముగియునప్పటికి అందఱికంటె ముందున్నాడు. నాలుగవ దినము చివర, 17వ గుంట దగ్గఱ, అతడు కొట్టిన బంతి నేలను తాకి ఎడమకు మళ్లి నీటిలో పడినది. ఒక్క దెబ్బ తేడాలో తుదిపోరు తప్పిపోయినది. ఆ పోరులో గెలిచిన స్కాటీ షెఫ్లర్‌కు అదియే పీజీఏ టూర్‌లో మొదటి విజయము. అదే యేడు జూన్‌లో ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్‌లో చివరి గుంటకు వచ్చునప్పటికి ఒక దెబ్బ ఆధిక్యము. బంతి ఇసుకగుంటలో పడినది. మొదటి దెబ్బకు గట్టు తగిలి ఇసుకలోనే నిలిచినది. రెండు దెబ్బలు అదనముగ పోయినవి, పోటీ పోయినది. ఈ రెండు ఓటములను ప్రపంచమంతయు టెలివిజన్‌లో చూచినది. కళాశాలలో ఓడినవానిని జట్టు భుజము తట్టి బస్సులో ఎక్కించుకొని పోవును. ఇచట జట్టు లేదు. మరుసటి వారము మఱొక ఊరిలో మఱొక పోటీ యున్నది. 2023లో సిల్వరాడో గెలుపు వచ్చుటకు ముందు గడచిన దినములివి.

ఇంతవరకు చెప్పినది గెలుపోటముల వరుస. అంతకంటె విలువైన ఘట్టము 2024 ఆగస్టు 31న అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానమున జరిగినది. సంవత్సరమంతటికిని చివరిదైన టూర్ ఛాంపియన్‌షిప్, మూడవ దినము. మూడవ గుంట దగ్గఱ సాహిత్ బంతి ఇసుకలో నుండెను. బంతిని కొట్టుటకు ముందు కఱ్ఱను వెనుకకు తీయునప్పుడు ఇసుకను తాకరాదన్నది నియమము. అతడు కొట్టినాడు, కొట్టిన పిదప, వెనుకకు తీయునప్పుడు రెండు మూడు రేణువులైన కఱ్ఱకు తగిలినవన్న సందేహము అతనికి కలిగినది. ప్రేక్షకులు చూడలేదు. ఎవరును ఫిర్యాదు చేయలేదు. తానే అధికారిని పిలిచి విషయము చెప్పి, రెండు దెబ్బల శిక్షను తనమీద వేయించుకొన్నాడు.

ఈ ఆటలో మైదానమంతట అంపైరు వెన్నంటి యుండడు; ఆటగాడే తనకు సాక్షి. మన ఊళ్లలో చిర్రగోనె యాడు పిల్లలకు ఇది అర్థము కాకపోదు. చిర్ర ఎంత దూరము పడినదో గోనెతో కొలుచువాడు ఎదుటివాని కన్నుగప్పి కొంచెము ముందుకు జరుపవచ్చును. జరుపనివాని పేరు వాడలో అందఱికిని తెలిసియుండును. అయితే వాడలో పందెము రెండు గోలీలు; ఈస్ట్ లేక్‌లో పందెము వేఱు. సాహిత్ 24 దెబ్బల తగ్గుదలతో మూడవవాడై 75 లక్షల డాలర్లు పొందెను. రెండవ స్థానమున నిలిచిన కాలిన్ మొరికావా లెక్క 26. ఆ రెండు దెబ్బలు లేకుండినచో ఇద్దఱును సమానులై, రెండవ మూడవ బహుమానములను కలిపి పంచుకొనియుందురు. తలకొక కోటి డాలర్లు. అనగా ఎవరికిని కనబడని ఇసుకరేణువుల వెల, కాగితపు లెక్కకు, 25 లక్షల డాలర్లు. తరువాతి యాట మఱొక విధముగ సాగియుండెడిదని యెవరైన అనవచ్చును, నిజమే. కాని ఆ నిమిషమున అతని చేతిలో నున్నది ఆ లెక్కయే.

ధనమునకు ఆడువాడు ఆటను అమ్ముకొనునని, ధనమాశింపనివాడే ఆటను ప్రేమించునని నమ్మిన పాత పెద్దలు ఈ సంఘటనకు ఏమి సమాధానము చెప్పుదురో! ఔత్సాహికుడు, వృత్తివాడు అను గీత యిప్పుడు అమెరికాలోనే చెరిగిపోవుచున్నది. 2021 నుండి కళాశాల క్రీడాకారులు తమ పేరును ప్రకటనలకు ఇచ్చి ధనము పుచ్చుకొనవచ్చును. 2022 నుండి ఔత్సాహిక గోల్ఫ్ క్రీడాకారుడు సైతము ఒక పోటీలో 1,000 డాలర్ల వఱకు బహుమానధనము తీసికొనవచ్చును. హేగెన్ కారు నిలిపిన వాకిలి ఇప్పుడు ఎవరికిని అడ్డము కాదు.

మఱి మన సంగతి? 1956లో స్థాపింపబడిన సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాల వంటి కళాశాలలలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగుపందెములు ఆడు పిల్లలకు కొదువ లేదు. పొలము గట్లమీద పరుగెత్తి పెరిగిన కాళ్లవి. వారి త్రోవ అంతర్ కళాశాల పోటీ, విశ్వవిద్యాలయపు జట్టు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీ వఱకు పోవును. అచట ఒక పతకము, ఒక ధ్రువపత్రము. ఆ ధ్రువపత్రమును పోలీసు, రైల్వే వంటి శాఖల క్రీడాకోటా దరఖాస్తునకు జతపరతురు. ఉద్యోగము వచ్చినచో ఇల్లు నిలబడును. దీనిని చిన్నచూపు చూడరాదు. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్ది, భారత జట్టునకు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణములు తెచ్చిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం స్వయముగ ఉపాధ్యాయుడు. ఆయన శిష్యులకు అన్నము పెట్టినది పోలీసు కొలువే. 2024లో నిఖత్ జరీన్, మహమ్మద్ సిరాజ్‌లకు తెలంగాణ ప్రభుత్వము డీఎస్పీ పదవులిచ్చినది, అది గౌరవము.

కాని ఒక తేడా కలదు. ఆ యిద్దఱును ప్రపంచమును గెలిచి వచ్చిన పిదప పదవి పొందినవారు. కళాశాల పిల్లవాడు ఆటను విడుచుటకై ఉద్యోగము పొందుచున్నాడు. ధ్రువపత్రము చేతికి వచ్చిననాడే బూట్లు అటకమీది కెక్కును. ఆట ఉద్యోగమునకు నిచ్చెన యైనది. మిద్దె యెక్కినవాడు నిచ్చెనను తలచుకొనడు. తప్పు పిల్లవానిది కాదు. ఆడుచు బ్రతుకవచ్చునన్న ధైర్యము, ఒకటి రెండేండ్లు ఆడి చూచి కాకున్న తిరిగి రావచ్చునన్న భరోసా అతనికి ఎవరును ఇచ్చుట లేదు.

సిద్దిపేటకే చెందిన చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) చిత్రలేఖనోపాధ్యాయుడుగ జీవించుచు, పల్లె బ్రతుకును బొమ్మలలో నిలిపెను. జీతము బడినుండి, ప్రాణము కుంచెనుండి. అట్టి బ్రతుకు చిత్రకారునకు సాగును. అరువదియేండ్ల చేయి సైతము కుంచె పట్టును. పరుగెత్తువాని కాళ్లకు అంత గడువు లేదు. అతనికి దక్కునవి పదునెనిమిది మొదలు ముప్పది లోపలి యేండ్లు. వానిలో మంచి భాగమును మనము హాజరుపట్టికకు, పోటీ పరీక్షలకు పంచిపెట్టుచున్నాము.

కళాశాల లేకుండనే గెలుచువారు లేరా యని ప్రశ్నింపవచ్చును. ఉన్నారు. భారతీయ సంతతివాడే యైన అక్షయ్ భాటియా కళాశాలలో అడుగిడక 2019లో, 17 ఏండ్లకే, వృత్తిలో చేరి, 2023లోను 2024లోను పీజీఏ టూర్ పోటీలు గెలిచినాడు. అట్టివానిని చూపి పదునేడేండ్ల పిల్లలందఱిని చదువు మానుమనుట, ఒక్కడు ఈది దాటెనని వాగులో పదిమందిని త్రోయుట. వృత్తి గోల్ఫ్‌లో మామూలు పోటీకి వచ్చిన వారిలో సుమారు సగముమంది రెండు దినముల ఆట పిదప కోతపడి వెనుదిరుగుదురు. కోతపడినవానికి ఆ వారము సంపాదన లేదు. ప్రయాణము, బస, సంచి మోయువాని కూలి తన చేతివే. ఆ బ్రతుకులోనికి దిగుటకు ముందు నాలుగైదేండ్లు ఒక నీడలో నిలిచి, పెద్దవాడై, ఓడుట నేర్చికొను అవకాశమును కళాశాల ఇచ్చుచున్నది. సాహిత్‌కు అది దక్కినది; ఫీనిక్స్‌లో నీటిలో పడిన బంతిని చూచి అతడు కూలిపోకపోవుటకు ఆ యేండ్లు కొంత కారణమని తలచుట తప్పు కాదు.

ఈ మాటలు చదివి సిద్దిపేటలో గోల్ఫ్ మైదానము కావలెనని యెవరైన అర్జీ పెట్టుకొందురేమో, అది వలదు. ఆ పచ్చిక త్రాగు నీరు ఇంతంత కాదు. మెట్టపొలముల నడుమ బావులు ఎండుట చూచిన సీమయిది. మల్లన్నసాగర్ జలాశయము కొరకు ఊళ్లకు ఊళ్లు నీట మునిగినవి. ఆ నీటిని బంతాటకు పారించుట కెవరికిని మనసొప్పదు. కావలసినది అమెరికా ఆట కాదు, అమెరికా కళాశాల చేసిన ఒక పని. దెబ్బతిన్న విద్యార్థిని ఒక యేడు నిలుపుకొనుట. దానికి ఎకరములు అక్కరలేదు. విశ్వవిద్యాలయములు నియమములలో నాలుగు పంక్తులు చేర్చిన చాలును: గాయపడిన క్రీడాకారునకు ఆ సంవత్సరపు హాజరు, పరీక్షలు, విద్యార్థివేతనము, జట్టులో స్థానము ఏమగునో తెలుపు నాలుగు పంక్తులు. చదువు ముగించిన ఉత్తమ క్రీడాకారులలో కొందఱికైన, ఉద్యోగము వెదకుకొనకుండ, రెండేండ్లు ఆడిచూచుటకు తగిన భృతి ఏర్పాటు చేసినచో అది అయిదవ పంక్తి.

2025లో సాహిత్ తీగల మెడ గాయముతో కొంతకాలము ఆటకు దూరముగ నుండెను. ఇప్పుడు అతడు వృత్తివాడు. ఆ నష్టము అతనిది. విద్యార్థియై మణికట్టు చెడినప్పుడు అతనిని ఒక విద్యాలయము కాచినది. ఈ యేడు సిద్దిపేటలో కబడ్డీ యాడుచు మోకాలు విరిగిన డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థి యొకడు మంచమున నున్నాడనుకొందము. వార్షిక పరీక్షకు కావలసిన 75 శాతము హాజరు అతనికి లేదు. వైద్యుని చీటి పట్టుకొని తండ్రి కళాశాల కార్యాలయమునకు వచ్చును. ఆ చీటిని ఏ కాగితములతో జతపరుపవలెనో చెప్పగల గుమాస్తా అచట ఉన్నాడా యన్నది ముందుగ తేలవలసిన విషయము.